చలికాలంలో పెరటి కోళ్లు: గూడు చుట్టూ కట్టిన టార్పాలిన్ ముందు విప్పండి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మందస దగ్గర మీ ఊళ్లో అమ్మ పెంచే నాటు పెట్టలు పన్నెండు, పుంజు ఒకటి. వాటికి తోడు నువ్వు కొని తెచ్చిన వనరాజా అనే పెరటి మేలుజాతి పిల్లలు ముప్పై, నెల వయసువి. డిసెంబరు రాగానే చలి పెరిగిందని రేకుల గూడు చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టారు, లోపల ఒక బల్బు పెట్టారు. రెండు రాత్రుల్లో ఐదు పిల్లలు పోయాయి. రెండు పెట్టలకు ముక్కు కారుతోంది. గుడ్లు దాదాపు ఆగిపోయాయి. ఇంకా ఏం కప్పాలి, పెద్ద బల్బు పెట్టాలా, తాగే నీళ్లు వేడి చేసి పోయాలా, సంక్రాంతికి సంతలో ఇంకో పుంజును కొంటే ఫరవాలేదా అని అడిగావు.

బొబ్బిలి దగ్గర మా పెరట్లో ఇరవై ఏళ్లకు పైగా కోళ్లు పెంచుతున్నాను. నువ్వు చేసిన తప్పు మొదట్లో నేనూ చేశాను కాబట్టి సూటిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు. మన జిల్లాల చలికి పెద్ద కోడి చావదు. గూట్లో చెమ్మ చేరితే జబ్బు పడుతుంది, గాలాడకపోతే జబ్బు పడుతుంది, బయటి నుంచి తెచ్చిన కోడితో వచ్చే తెగులుకు చస్తుంది. పిల్లల సంగతి మాత్రం వేరు, వాటికి నిజంగానే వెచ్చదనం కావాలి. పెద్దవాటినీ పిల్లలనూ ఒకే గూట్లో పెట్టి ఒకే మందు వేయడం దగ్గర మొదలైంది మీ కష్టమంతా.

ముందు పెద్దవాటి గురించి చెబుతాను. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైనే ఉంటుంది, మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. ఆ వేడిని కాపాడేది దాని ఈకల మధ్య నిలిచే గాలి. చలి రాత్రి దండెం మీద కూర్చున్న పెట్టను చూడు, ఒళ్లంతా ఉబ్బించి బంతిలా అయిపోతుంది, కాళ్లను పొట్ట ఈకల కింద దాచేస్తుంది, తలను రెక్కలో దూర్చేస్తుంది. ఇంతకంటే మంచి రగ్గు మనం కప్పలేం. ఆ ఈకలు తడిస్తే మాత్రం రగ్గు పోయినట్టే. మా అత్తగారి కాలంలో సగం కోళ్లు మామిడిచెట్టు మీదే పడుకునేవి. పుష్యమాసం మంచులో కూడా తెల్లారేసరికి టపటపా దిగి వచ్చేవి. వాటికి పిల్లి భయం, గుడ్లగూబ భయం ఉండేవి గాని చలి భయం లేదు. ఎందుకంటే చెట్టు మీద గాలి ఉంది, కింద పెంట లేదు, మంచు ఆకుల మీదే ఆగిపోయేది.

ఇప్పుడు మీ గూటికి వద్దాం. తిత్లీ తుఫానుకు పాత తాటాకు గూడు ఎగిరిపోతే రేకులతో కట్టించామని రాశావు. 2018 అక్టోబరులో ఆ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది కాబట్టి మీ ఉద్దానంలో ఎవరి గూడూ మిగిలి ఉండదు. రేకు గాలికి నిలుస్తుంది నిజమే. చలికాలంలో దానికున్న చెడ్డగుణం, రాత్రి పది దాటేసరికి మంచుగడ్డలా చల్లబడిపోవడం. పెద్ద కోడి రోజుకు దాదాపు పావు లీటరు నీళ్లు తాగుతుంది. దాని రెట్టలో ముప్పావు వంతు నీరే, ఊపిరితో వదిలే తేమ అదనం. పదమూడు పెద్దవి, ముప్పై పిల్లలు రాత్రంతా వదిలే ఆ తేమ బయటికి పోయే దారి లేక రేకుకు తగిలి నీటి చుక్కలవుతుంది. ఆ చుక్కలు మళ్లీ వాటి వీపు మీదే పడతాయి. మీరు చలి ఆపుదామని కట్టిన టార్పాలిన్ లోపల చిన్న వాన కురిపించింది.

నా మాట నమ్మనక్కర్లేదు, నువ్వే చూడు. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు లే. టార్చి పట్టుకుని వెళ్లి, తలుపు తెరవగానే మొహం లోపలికి పెట్టి ఊపిరి పీల్చు. కళ్లు మండి, ముక్కులో ఘాటు కొడితే అది అమ్మోనియా, రెట్ట తడిసి పులిసినప్పుడు వచ్చే వాయువు. నువ్వు ఒక్క నిమిషం ఓర్చుకోలేనిది అవి పన్నెండు గంటలు పీలుస్తున్నాయి. తర్వాత రేకు లోపలి వైపు అరచేత్తో తుడిచి చూడు. చెయ్యి తడిగా వస్తే నేను చెప్పింది అక్షరాలా జరుగుతోందన్నమాట. ఆ తర్వాత ఒక పెట్ట వీపు మీద చెయ్యి వేసి ఈకలు పొడిగా ఉన్నాయో లేదో పట్టి చూడు. ముక్కు కారుతున్న రెండు పెట్టలు ఎక్కడ పడుకుంటాయో కూడా గమనించు. రేకు వాలుగా ఉన్న వైపు, చుక్కలన్నీ జారి పడే చోటే ఉంటాయని నా అనుమానం.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. గోడకూ పైకప్పుకూ మధ్య జానెడు మేర, ఎదురెదురుగా రెండు వైపులా, తెరిచి ఉంచాలి. అక్కడ సన్న కన్ను జాలీ కొట్టించు, పిల్లీ ముంగిసా దూరకుండా. తేమ వేడిగాలితో పాటు పైకి లేచి ఆ సందుల్లోంచి పోతుంది. దండెం మాత్రం ఆ సందుకు బాగా కిందుగా ఉండాలి, గాలి కోడి తల మీదుగా పోవాలి గాని ఒంటికి నేరుగా కొట్టకూడదు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు. మీ దగ్గర రాత్రి గాలి కొండల వైపు నుంచి దిగుతుంది కాబట్టి ఆ పడమటి, ఉత్తరపు వైపు దండెం ఎత్తు వరకు గోనెసంచులు కుట్టి కట్టు. గోనె చలిగాలిని ఆపుతుంది, చెమ్మను పీల్చి వదిలేస్తుంది. ప్లాస్టిక్ ఆ పని చేయదు. తూర్పు వైపు ఏమీ కట్టకు, పొద్దున్నే ఎండ లోపల పడాలి. రేకు కింద కొబ్బరాకు తడక ఒకటి బిగిస్తే చుక్కలు పడడం ఆగిపోతుంది. ఉద్దానంలో కొబ్బరాకుకు కరువు లేదు కదా.

టార్పాలిన్ పారేయమని అనను. డిసెంబరులో కూడా ఒక్కోసారి అల్పపీడనం పట్టి రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. అప్పుడు జల్లు కొట్టే వైపు కట్టి, వాన తగ్గగానే విప్పెయ్.

కింద పరిచే ఊక గురించి చాలామంది శ్రద్ధ పెట్టరు. ఇప్పుడు నూర్పుల రోజులు, మిల్లు దగ్గర ఊక బస్తా తేలిగ్గా దొరుకుతుంది. నాలుగు వేళ్ల మందం పరిచి, రెండు రోజులకొకసారి పారతో తిరగెయ్యాలి. గుప్పిట్లో పట్టి నొక్కి వదిలితే పొడిపొడిగా రాలిపోవాలి. ముద్దలా ఉండిపోతే ఆ చోటు తీసేసి కొత్త ఊక వెయ్యి. తడిసిన ఊకలో పిల్లలకు రక్త పారుడు పుడుతుంది, కాక్సిడియోసిస్ అంటారు. రెట్టలో ఎర్రగా, కాఫీ రంగుగా జీర కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి వెళ్లి మందు తెచ్చి నీళ్లలో కలిపి పట్టాలి. పొయ్యి బూడిద కూడా దాచుకో. ఒక మూల చిన్న గొయ్యి తీసి బూడిద, ఇసుక కలిపి పోస్తే కోళ్లు మధ్యాహ్నం ఎండలో అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి. చలికాలంలో అవి దగ్గర దగ్గరగా పడుకుంటాయి కాబట్టి పేలు ఒకదాని నుంచి ఇంకోదానికి తొందరగా పాకుతాయి. గూటి చెక్కల సందుల్లో గోమార్లు ఉంటే రాత్రి బయటికి వచ్చి రక్తం పీలుస్తాయి. పగలు కోడిని ఎంత చూసినా కనపడవు. సందుల్లో కత్తి మొన పెట్టి గీరి చూడు.

ఇక పిల్లలు. పోయిన ఐదూ ఒకే మూలలో, చదునుగా నలిగినట్టు, ఒళ్లు తడిగా ఉన్నాయని రాశావు. అవి చలితో నేరుగా చావలేదు తమ్ముడూ. చలేసి అన్నీ ఆ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కితే అడుగునున్నవి ఊపిరాడక పోయాయి. నెల పిల్లకు ఈకలు చాలావరకు వచ్చి ఉంటాయి, అయినా పూర్తిగా మూసుకోవు. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. నీ పిల్లలకు ఇప్పుడు రాత్రిపూట 25, 26 దగ్గర ఉండాలి. బయట పదిహేనుకు పడిపోతున్నప్పుడు ఆ తేడా మనమే పూడ్చాలి. ఇంకో రెండు వారాలు ఈ కష్టం తప్పదు, ఆ తర్వాత వాటికి అవే కాచుకుంటాయి.

లోపల బల్బు ఉంది కదా అంటావు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ అని నువ్వే రాశావు. అది వెలుగిస్తుంది, వేడి ఇవ్వదు. పైగా రాత్రంతా వెలుగుంటే పెట్టలకు నిద్ర కూడా ఉండదు. పిల్లలకు కావాల్సింది పాతకాలపు ఫిలమెంట్ బల్బు, కరెంటు సామాన్ల షాపుల్లో అడిగితే ఇంకా ఇస్తారు. పిల్లకు రెండు వాట్ల లెక్కన నీ ఇరవై ఐదుకు అరవై వాట్ల బల్బు ఒకటి సరిపోతుంది.

పిల్లలను పెద్దవాటి నుంచి వేరు చేసి ఇంట్లోనో సావిడిలోనో ఒక మూల పెట్టు. మూల అన్నాను గాని మూలలు లేకుండా చూడాలి. వెదురు తడకో పాత అట్టలో గుండ్రంగా వంచి దడిలా నిలబెట్టు, అప్పుడు కుప్పపడడానికి చోటుండదు. మధ్యలో బల్బు అడుగున్నర ఎత్తులో, చుట్టూ ఇనుప జాలీ గంప బోర్లించి వేలాడదియ్యి. కింద ఊక ఉంది కాబట్టి బల్బు తెగి పడితే అంటుకుంటుంది. వైరు ఒక్కదాన్నే నమ్మకుండా తాడుతో కూడా కట్టు. దడి మీద గోనెసంచి ముప్పావు వంతు కప్పి, పావు వంతు వదిలెయ్యి.

వేడి సరిపోయిందో లేదో థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. రాత్రి పదకొండు ప్రాంతంలో చప్పుడు చేయకుండా వెళ్లి చూడు. బల్బు కింద ముద్దగా చేరి కియ్యో కియ్యో అని అరుస్తుంటే చలేస్తోంది, బల్బు కిందికి దించు. దడి అంచులకు పోయి నోళ్లు తెరిచి రెక్కలు వేలాడేస్తే వేడి ఎక్కువైంది, పైకి లేపు. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదురు వైపు నుంచి గాలి కొడుతోంది, అక్కడ గోనె కట్టు. చల్లిన గింజల్లా అంతటా పరుచుకుని, కొన్ని కాళ్లు చాపి పక్కకు ఒరిగి పడుకుంటే నువ్వు నిశ్చింతగా పోయి పడుకోవచ్చు. కాళ్లు చాపి పడుకున్న పిల్లను మొదటిసారి చూసినప్పుడు చచ్చిపోయిందనుకుని కంగారుపడ్డాను, ముట్టుకుంటే లేచి పరిగెత్తింది.

కరెంటు పోతే ఏం చేయాలని అడగలేదు గాని, తప్పకుండా పోతుంది కాబట్టి చెబుతాను. లీటరు సీసాల్లో వేడినీళ్లు పోసి పాత గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టు. మూడు నాలుగు గంటలు కాస్తాయి. నిప్పుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టకు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. పెంపకం మొదలుపెట్టిన రెండో ఏడాది, కరెంటు లేని రాత్రి, పిల్లల గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపు వేసి, నేను వేరే గదిలో పడుకున్నాను. పొద్దున్న పద్దెనిమిది పిల్లలు కుంపటి చుట్టూ నిద్రపోతున్నట్టే పడి ఉన్నాయి. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, పొగా కనపడదు. పిల్లలతో పాటు నేనూ ఆ గదిలో పడుకుని ఉంటే ఏమయ్యేదో. మీ పలాస వైపు ఇంకో అలవాటు ఉంది, జీడిగింజల పెంకులు చవకగా దొరుకుతాయని మంటకు వాడతారు. ఆ పెంకులో ఉన్న నూనె చేతికి తగిలితేనే బొబ్బలు వస్తాయి, దాని పొగ కళ్లనూ గొంతునూ కాల్చేస్తుంది. కోడి ఊపిరితిత్తులు మనవాటికంటే సున్నితం. జీడి పెంకుల మంట గూటి దరిదాపుల్లో వద్దు, భోగి నాడు కూడా మంట గూటికి గాలివాటుగా వెయ్యొద్దని అమ్మకు చెప్పు.

మేత దగ్గర మన పెద్దవాళ్లకు తెలిసిందే సగం సరిపోతుంది. చలికి కోడి కాస్త ఎక్కువ తింటుంది, తినాలి కూడా. పొద్దున్న తవుడు, నూకలు తడిపి పెట్టినా, సాయంత్రం గూటికి చేరే ముందు మాత్రం గింజ పెట్టు. చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), పగలగొట్టిన మొక్కజొన్న, ఏది ఉంటే అది, పెట్టకు ఒక గుప్పెడు. గింజ నెమ్మదిగా అరుగుతుంది, ఆ అరుగుదలే రాత్రంతా లోపల పొయ్యిలా వేడి ఇస్తుంది. చీకటి పడ్డాక ఒక్కో పెట్ట మెడ కింద మేతసంచిని వేళ్లతో నొక్కి చూడు, నిండుగా బంతిలా తగలాలి. ఖాళీగా తగిలిన పెట్టకు మిగతావి తిండి తగలనివ్వడం లేదన్నమాట, దానికి విడిగా పెట్టాలి.

గింజ ఒక్కటే చాలదు. వానలు వెనకబట్టాక పెట్టలు ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తులే. మీ పెట్టలు గుడ్లు ఆపడానికి ఇదొక కారణం, గూట్లో ఈకలు కుప్పగా దొరుకుతున్నాయని నువ్వే రాశావు. వేరుశనగ చెక్క నానబెట్టి కొంచెం పెట్టు. తీరంలో ఎండుచేపల తలకాయలు చవకగా దొరుకుతాయి, మంచివే, కానీ ఉప్పు కోడికి విషం. రెండు మూడు నీళ్లలో నానబెట్టి కడిగాకే దంచి పెట్టు. మునగాకు రోజూ ఒక రెబ్బ కట్టి వేలాడదీస్తే ఎగిరెగిరి తింటాయి.

పిల్లలకు చెదపురుగును మించిన మేత నేను చూడలేదు. మా అత్తగారు నేర్పిన పద్ధతి ఇది. పాత మట్టికుండలో ఎండు పేడ, గడ్డి, చిరిగిన గోనెముక్క కుక్కి, నీళ్లు చిలకరించి, చెద తిరిగే చోట సాయంత్రం బోర్లిస్తాం. అంచు చుట్టూ కాస్త తడి మట్టి అద్దుతాం. తెల్లారి లేపితే గడ్డంతా తెల్లగా కదులుతూ ఉంటుంది. ఆ కుండను పిల్లల మధ్య దులపగానే ఎండుటాకుల మీద వాన పడ్డట్టు ముక్కుల చప్పుడు. చలికి ముడుచుకుని కూర్చున్న పిల్ల కూడా లేచి వస్తుంది. రానిదేదో చూసుకో, ఆ రోజు జబ్బు పడబోయేది అదే. ఎండు నేలల్లో జనవరి తర్వాత చెద లోపలికి దిగిపోతుంది, అప్పటిదాకా వాడుకో. మందు కొట్టిన చోట చెద మాత్రం తేకు.

నీళ్లు కాచనక్కర్లేదు. రాత్రి గిన్నెలో మిగిలినవి పారబోసి, పొద్దున్నే బావిలోంచో బోరులోంచో తోడిన నీళ్లు పొయ్యి. చలికాలపు ఉదయం ఆ నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. స్టీలు గిన్నె మంచులా చల్లబడుతుంది, మట్టి చిప్పలు మేలు. చల్లటి నీళ్లకు కోడి తాగడం తగ్గిస్తుంది, తాగడం తగ్గితే తినడం తగ్గుతుంది.

గుడ్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను, దీని మీద టెన్షన్ పడకు. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటలే, నిండుగా గుడ్లు పెట్టడానికి కోడికి పద్నాలుగు గంటల వెలుగు కావాలి. ఫారాల్లో లైట్లు పెట్టి ఆ లోటు పూడుస్తారు. నాటు పెట్ట ఏడాదికి పెట్టేదే యాభై, అరవై గుడ్లు. దానికి లైట్లు పెట్టి కరెంటు తగలేయడం కంటే ఈ రెండు నెలలు ఒళ్లు చేసుకోనివ్వడం మంచిది. నీ వనరాజాలు ఎలాగూ ఆరు నెలలకు గాని గుడ్డుకు రావు. ఏదైనా పెట్ట పొదుగుకు కూర్చుంటే వేసవిలోలా పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టకు. ఎనిమిది, పది చాలు. అంచున ఉన్న గుడ్డు రెక్క కిందికి రాక చల్లబడి మురిగిపోతుంది. గంపలో అడుగున ఇసుక, పైన వరిగడ్డి దట్టంగా వేసి, ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో గుడ్లు చూసి తెల్లగా ఉన్నవి తీసెయ్యి.

ఇప్పుడు అసలు భయం. సంక్రాంతికి పుంజును కొని తెస్తానన్నావు. దయచేసి తేకు.

మన పల్లెల్లో కోళ్లు గుంపుగా పోయేది ఎక్కువగా చలికాలం చివర, పండగ వెళ్లిన పది రోజులకు. అందరూ చలికి పోయాయంటారు. ఆ పోయేది కొక్కెర తెగులుకు, రాణీఖేత్ అనేది దాన్నే. పండగకు ముందు సంతల్లో పది ఊళ్ల కోళ్లు ఒకచోట చేరతాయి. ఒకదానికి ఉంటే చాలు, రెట్టతో, ఊపిరితో, అమ్మేవాళ్ల గంపలతో, మన చెప్పులతో కూడా వస్తుంది. కొన్న రోజు ఆ కోడి చలాకీగానే ఉంటుంది, తెగులు బయటపడడానికి ఐదారు రోజులు పడుతుంది. ఒక ఏడాది కనుమకని ఒక సంత నుంచి రెండు పుంజులు తెచ్చి పెరట్లో రాటకు కట్టాం. రెండు రోజులే ఉన్నాయి. పండగైపోయిన వారానికి మా పెట్టలు ఆకుపచ్చగా, సున్నం కలిపినట్టు పారడం మొదలుపెట్టాయి. నోరు తెరిచి మెడ చాచి గాలి పీల్చేవి. కొన్నిటికి మెడ వెనక్కి మెలితిరిగిపోయింది. ముప్పై నాలుగింట్లో ఆరు మిగిలాయి. పసుపు పెట్టాను, వెల్లుల్లి పెట్టాను, ఎవరో చెప్పిన మాత్రలూ వేశాను. వచ్చాక దానికి మందు లేదు. రాకముందు టీకా ఒక్కటే దారి.

నీ పిల్లలకు వారం వయసులో కంట్లోనో ముక్కులోనో చుక్క టీకా వేశారో లేదో అమ్మిన వాళ్లను అడుగు. వేసినా వేయకపోయినా నాలుగో వారంలో కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా చుక్క పడాలి, అంటే ఇప్పుడే. ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్-2బి అనే టీకా ఇంజెక్షన్ రెక్క కింద వేయించాలి, జనవరి మొదటి వారానికి వస్తుంది. ఆరేడు వారాల మధ్య మశూచి టీకా కూడా ఉంది, చలికాలంలో తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు వచ్చేది ఆ మశూచి జబ్బు వల్లే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పెట్టలకు ఆర్-2బి ఈ నెలలోనే వేయించు. ఒంట్లో బలం రావడానికి పది, పన్నెండు రోజులు పడుతుంది కాబట్టి పండగ దగ్గరికి వచ్చాక వేయిస్తే ఉపయోగం తక్కువ. వారం ముందు నులిపురుగుల మందు పట్టించు. ముక్కు కారే ఆ రెండింటికీ తగ్గాకే టీకా.

టీకా సీసా ఒకటి తెరిస్తే వంద, రెండు వందల కోళ్లకు వస్తుంది. నీ నలభై కోసం తెరిస్తే మిగతాది పారబోయాలి. అందుకని మీ వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కలిపి ఒక రోజు పెట్టుకోండి. పక్కింటి కోళ్లకు లేకపోతే నీ కోళ్లకూ భద్రత తక్కువే, గోడ దూకి తిరిగేవి కదా. మందును ఐసు వేసిన థర్మాసు ఫ్లాస్కులో తేవాలి, కలిపాక గంటలో వాడేయాలి, ఎండ తగలకూడదు. చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చిన టీకా నీళ్లతో సమానం. ఊళ్లోని పశువైద్య సిబ్బందిని అడుగు. అందకపోతే 1962 నంబరుకు ఫోన్ చెయ్యి, సంచార పశువైద్య వాహనం వాళ్లు ఎలా దొరుకుతుందో చెబుతారు.

అమ్మకు పుంజు కావాలనే ఉంటే పండగ హడావిడి పోయాక, ఫిబ్రవరిలో, తెలిసిన ఇంటి నుంచి తీసుకోండి. తెచ్చాక మూడు వారాలు వేరే చోట, వేరే గిన్నెతో ఉంచి, ముందు మీ కోళ్లకు మేత పెట్టి ఆ తర్వాతే దాని దగ్గరికి వెళ్లాలి. కనుమ నాడు కొనే కోడిని కోసిన ఈకలు, పేగులు పెంటకుప్ప మీద వేస్తారు చూశావా, మన పెట్టలు మొదట కెలికేది వాటినే. మీ ఇంట్లోనే కాదు, ఇరుగుపొరుగుకూ చెప్పి గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్పించు. చచ్చిన కోడినైనా అంతే, మోకాలి లోతు చాలదు, నడుము లోతు గొయ్యి కావాలి. కాలవలో వేయకూడదు.

వలస పక్షులు దిగే తేలినీలాపురం మీ జిల్లాలోనే, టెక్కలి వైపు ఉంది కదా. ఈ రోజుల్లో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఉంటాయి. అవి మన ఊళ్లకు అందం, వాటి జోలికి పోవద్దు. కాకపోతే చెరువు మీది పక్షులు తాగే నీళ్లు, మన కోళ్లు తాగే నీళ్లు ఒకటి కాకుండా చూసుకో. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలుసు కదా. ఒక్కసారిగా చాలా కోళ్లు పోతే, తురాయి నీలంగా మారితే, ఒట్టి చేతులతో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యులకు చెప్పాలి.

ముక్కు కారే ఆ రెండు పెట్టలను ఈ రోజే వేరు చెయ్యి. కంటి కింద వాచి, ముక్కు దగ్గర చెడు వాసన వస్తే కొరైజా అనే అంటు జలుబు కావచ్చు, డాక్టరు ఇచ్చిన మందు ఆయన చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడాలి. ఇంట్లో మిగిలిన మనుషుల క్యాప్సూల్ విప్పి పోయొద్దు. వాపు, వాసన లేకుండా ఊరికే తుమ్ముతుంటే గాలి, పొడి ఊక దొరికిన నాలుగైదు రోజులకు చాలావరకు సర్దుకుంటాయి.

ఒక అలవాటు చేసుకోమని అమ్మకు చెప్పు. రాత్రి ఎనిమిదింటికి, లైటు వేయకుండా, గూడు పక్కన రెండు నిమిషాలు ఊరికే నిలబడాలి. బాగున్న కోళ్లు నిద్రలో చిన్నగా గొణుగుతాయి. ఎక్కడి నుంచైనా గురక, తుమ్ము, గరగరమనే చప్పుడు వినిపిస్తే ఆ కోడి ఎక్కడుందో గుర్తు పెట్టుకుని పొద్దున్నే విడదీయాలి. పగలు మనిషిని చూస్తే కోడి జబ్బు దాచుకుంటుంది, చీకట్లో దాచుకోలేదు.

టార్పాలిన్ విప్పి గోనె కట్టాక మూడో రోజు తెల్లవారుజామున మళ్లీ వెళ్లి రేకు తుడిచి చూడు. చెయ్యి పొడిగా వచ్చిందో లేదో, పిల్లల రెట్ట ఏ రంగులో ఉందో రాయి.